అప్పగింతల వాకిట్లో మట్టిపాట

"ఆ ఆకులు నా గడప దాటి లోపలికి రానియ్యను. అయ్యి వస్తే నేను బయటికి పోతా," అంది రాహేలు.

ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది. పొద్దున కోడలు పెట్టిన జొన్న సంగటి పక్కనే పొడిబారి ఉంది. ఈగలు వాలుతున్నా తోలడం లేదు.

ఏసోబు తాంబూలం పళ్ళెం పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. తమలపాకులు ఎండకు వాడిపోతున్నాయి. బ్యాండుమేళం వాళ్ళకు తాంబూలం పుచ్చుకోవడమంటే ఒట్టు వేసినట్టే. పుచ్చుకొని పెళ్ళికి వెళ్ళకపోతే ఆ మేళాన్ని ఇక పల్నాడులో ఎవరూ పిలవరు.

"అమ్మా, పక్కకి జరుగు. ఎండ మాడ్చేస్తంది."

"మాడనియ్. ఎవరింటి ఆకులురా అయ్యి?"

"తెలిసే అడగతన్నావు గదా."

"నీ నోటితో చెప్పు. ట్రంపెట్టు ఊదే నోరు గదా, గట్టిగా చెప్పు. పల్లె అంతా ఇనాల."

"చెన్నకేశవులు గారింటియ్యి."

రాహేలు నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టు నయం.

"గారంట! ఏమే ఫిలోమినా, ఇన్నావా? మీ మావ శవప్పెట్టెను బురదలో పడేయించినోడు నీ మొగుడికి గారంట!"

ఫిలోమినా చింతపండు గుజ్జుతో ట్రంపెట్టు తోముతోంది. తల ఎత్తలేదు. "అత్తా, ముందు ఆ సంగటి తిను. తిట్టటానికైనా సత్తువ ఉండాల గదా," అంది.

"నేను తినను. వీడు పోయి ఆకులు వాడి మొకాన కొట్టొచ్చిందాకా తినను."

ఏసోబు పళ్ళేన్ని నేలమీద పెట్టి, తల్లి ఎదురుగా మట్టిలోనే కూలబడ్డాడు.

తండ్రి యోహాను చనిపోయిన వానాకాలంలో ఏసోబు ఇక్కడ లేడు. బర్మా పొలిమేరలో, పటాలం బ్యాండులో ఉన్నాడు. నెలల తర్వాత అందిన కబురులో తండ్రి పోయాడన్న ఒక్క ముక్కే ఉంది. మిగతాది ఇంటికొచ్చాకే విన్నాడు. పల్లెలో మొదట బాకా పట్టినవాడు యోహాను. ఊళ్ళో పెద్ద ఆసామి చెన్నకేశవులు ఇంట్లో పుట్టువెంట్రుకల దగ్గర్నుంచి పెళ్ళిళ్ళ దాకా అతను ఊదని శుభకార్యం లేదు. అలాంటివాడి పెట్టెను అతని మేళమే వాయిస్తూ తీసుకెళుతుంటే, ఆ ఇంటి ముందు చెన్నకేశవులు చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల పెద్దకొడుక్కి లగ్నం రాసుకుంటున్నారు. చావు వాద్యం వినపడకూడదన్నాడు. వాద్యం ఆపారు. పెట్టె కూడా కనపడకూడదన్నాడు. రోడ్డు దించి వాగు వైపు మళ్ళించారు. నానిన నల్లరేగడిలో కాళ్ళు జారాయి. పెట్టె పడింది. మూత ఊడింది. భర్త మొహం మీది బురదను రాహేలు తన కొంగుతో తుడిచింది.

ఆ చీర ఆమె మళ్ళీ కట్టలేదు.

"నేను కాదందామనే పోయానమ్మా," అన్నాడు ఏసోబు. "ఆయన అరుగు మీద కూర్చోనుండాడు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'ఒరే ఏసోబూ, మా అమ్మాయి సుబ్బరత్నం పెళ్ళికి నీ మిలిటరీ మేళమే రావాల. అవునూ, మీ నాయన బాగుండాడా? ఈమధ్య కనపడట్లేదే' అన్నాడు."

రాహేలు కళ్ళు కదల్లేదు.

"ఏమన్నాడూ?"

"బాగుండాడా అన్నాడు. యాకసెక్కానికి కాదమ్మా. నిజంగానే అడిగాడు. మర్చిపోయాడు."

ఫిలోమినా చేతిలో తోముడు పీచు ఆగిపోయింది. పక్కింట్లో ఎవరో రోట్లో మిరపకాయలు దంచుతున్నారు. ఆ ఘాటుకు ముగ్గురికీ కళ్ళు మండాయి.

"అప్పుడు పుచ్చుకున్నా తాంబూలం," అన్నాడు ఏసోబు. "పటాలంలో మనిషి పోతే మట్టిచ్చే ముందు ట్రంపెట్టు మీద ఒక పాట ఊదుతారు, మట్టిపాట. ఎంతమందికి ఊదానో. మా నాయనకి ఊదలేకపోయా. దాన్ని ఆ ఇంటి ముందే, పెట్టెను ఆపిన చోటే నిలబడి ఊదుతా. వాళ్ళ శుభకార్యంలో ఊదుతా. చావు వాద్యం వినపడకూడదన్నాడు గదా, చెవుల నిండా వినిపిస్తా."

రాహేలు కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత సంగటి ముద్ద చేతిలోకి తీసుకుంది.

"ఏమే, ఇంత పచ్చడెయ్," అంది కోడలితో. "చప్పగా ఉంది."

*

ఆ సాయంత్రం ఏసోబు వాగు ఒడ్డున సాధన చేస్తుంటే ఫిలోమినా నీళ్ళ కుండతో వచ్చి నిలబడింది.

మట్టిపాటకు మీటలు నొక్కే పని లేదు. ట్రంపెట్టుకున్న మూడు మీటలనూ ముట్టుకోకుండా పెదవుల బిగువుతో, ఊపిరితోనే స్వరం పైకీ కిందికీ నడపాలి. పెదవి కాస్త సడలినా స్వరం పగులుతుంది. ఏసోబు ఒక్కో స్వరాన్నీ పట్టి నిలిపి, చివర్లో సన్నగా వదులుతున్నాడు. అవతలి ఒడ్డున పత్తిచేలో పనివాళ్ళు వంచిన నడుములెత్తి ఇటే చూస్తున్నారు.

"పెదవి చిట్లింది," అంది ఫిలోమినా.

"వెన్న రాస్తే పోద్ది."

"నువ్వు ఆ పాట ఊదొద్దయ్యా."

ఏసోబు ట్రంపెట్టు దించాడు. "నువ్వు కూడానా?"

"ఆయన మీద కోపం నాకు మాత్రం లేదా? బురదలో పెట్టెకి చెయ్యేసింది నేను కాదా? కానీ ఆ పిల్లేం చేసింది? నిన్న గూడా వాళ్ళింట్లో పసుపు దంచొచ్చా. 'ఫిలోమినక్కా, మా అత్తగారి ఊళ్ళో మంచినీళ్ళ బావి ఎంత దూరమో నీకు తెలుసా' అని అడిగింది. దానికి అదొకటే దిగులు. దాని పెళ్ళిలో చావుపాట ఊదుతావా?"

"మా నాయన ఏం చేశాడు మరి?"

"ఏం చెయ్యలా. అందుకేగా మనకింత మంట. ఏం చెయ్యనోళ్ళకి చేస్తేనే గదా అంత మండుద్ది."

ఏసోబు ట్రంపెట్టులో నిలిచిన తేమను నేలమీదికి వంపాడు.

"పగ దేవుడికి వదిలెయ్యమని పాస్టరు గారు చెప్పలా?" అంది ఆమె.

"ఆ మాట అమ్మకి చెప్పు."

"చెప్పా. దేవుడికి చానా పనులుండయ్, ఇది నా పని అంది."

ఏసోబుకు నవ్వొచ్చింది. ఫిలోమినా నవ్వలేదు.

"సెలవు మీదొచ్చి నన్ను రెంటచింతల నించి తీసుకొచ్చిన కొత్తలో ఆ పాట గురించి నాకేం చెప్పావు? పోయినోడికి పెట్టే ఆఖరి దణ్ణం అన్నావు. అది ఊదేటప్పుడు తెల్లదొర గూడా టోపీ తీసి నిలబడతాడన్నావు. ఇప్పుడు దణ్ణాన్ని తీసుకుపోయి తిట్టు చేస్తన్నావు. మావ ఉంటే ఊరుకునేవాడా?"

"నాయన లేడుగా," అన్నాడు ఏసోబు.

ఫిలోమినా కుండ ఎత్తుకుంది. దారిలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వారమంతా ఇంట్లో అత్తా కోడలూ మాట్లాడుకున్నారు, తల్లీ కొడుకూ మాట్లాడుకున్నారు. మొగుడూ పెళ్ళాల మధ్య మాత్రం కంచం పెట్టిన చప్పుడు, తీసిన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

*

పెళ్ళి జరిగింది. మేళం పెళ్ళిపాటలన్నీ వరసగా వాయించింది. ట్రంపెట్టు వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి గోడలెక్కారు. ఏసోబు ఏ పాటలోనూ తప్పు పట్టనివ్వలేదు. మట్టిపాటను అప్పగింతలకు దాచుకున్నాడు. అప్పుడైతే ఇంటిల్లిపాదీ వాకిట్లోనే ఉంటారు.

మేళం నిలబడిన చోటు రోడ్డు మీద, సరిగ్గా ఆ చోటే. డ్రమ్ము వాయించే కృపావరం కాలితో నేలను రుద్దాడు.

"బావా, ఇక్కడే. చెయ్యి అడ్డం పెట్టి 'ఆపండెహె' అన్నాడు. నా కర్ర గాల్లోనే ఆగింది."

"ఇయ్యాల నువ్వు కర్రెత్తొద్దు. మీరెవరూ వాయించొద్దు. నేనొక్కణ్ణే ఊదుతా," అన్నాడు ఏసోబు.

రోడ్డుకవతల జెముడు కంచె పక్కన రాహేలు నిలబడి ఉంది. ఆమె ఒంటిమీద ఉన్న చీర చూసి కృపావరం చూపు తిప్పుకున్నాడు. ఎంత ఉతికినా నల్లమట్టి మరక అంచున అట్లాగే ఉంది. వాకిట్లో పనికొచ్చిన ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ ఫిలోమినా మొగుణ్ణి చూసి, కాదన్నట్టు తల ఊపింది.

చెన్నకేశవులు కూతురి చేతుల్ని పాలలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెట్టాడు. నడికుడి స్టేషనుకు పోయే సవారీ బండి ఎద్దులు పూన్చి సిద్ధంగా ఉంది.

"మేళం!" అని లోపల్నుంచి ఎవరో కేకేశారు.

ఏసోబు ట్రంపెట్టు ఎత్తాడు.

మొదటి స్వరాన్ని రాయి విసిరినట్టు చెన్నకేశవులు మొహం మీదికే వదిలాడు. రెండోది కూడా అట్లాగే. మూడో స్వరానికి వచ్చేసరికి తండ్రి గుర్తుకొచ్చాడు. చిన్నప్పుడు తన బుగ్గలు నొక్కి, 'బుగ్గలతో కాదురా, కడుపుతో ఊదు' అన్న తండ్రి. ఆ తర్వాత ఎదురుగా ఎవరున్నారో ఏసోబుకు తెలియలేదు. కోపంతో మొదలుపెట్టిన ఊపిరి కోపంగా ఉండనన్నది. స్వరం పైకి పోయి, అక్కడే నిలిచి, రాలేక రాలేక కిందికి దిగింది.

కళ్ళు తెరిచేసరికి వాకిలంతా ఏడుస్తోంది.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పెళ్ళికూతురి మేనత్త స్తంభానికి ఆనుకొని జారి కూర్చుంది. "ఏం పాటమ్మా ఇది! అప్పగింతల పాటంటే ఇదీ! కడుపు కోసేశాడు తల్లీ!" అంటోంది.

చెన్నకేశవులు ఏడుస్తూనే రోడ్డు మీదికి వచ్చాడు. తన భుజం మీది జరీ కండువా తీసి ఏసోబు భుజం మీద వేశాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరే ఏసోబూ, ఆడపిల్లను పంపే తండ్రి గుండె నీకెట్టా తెలిసిందిరా? మీ నాయన గూడా ఇట్టా ఊదలేదు. ఇంకోసారి ఊదు. నా బిడ్డ బండెక్కిందాకా ఊదు. ఇకమీదట మా ఇంట్లో ఏ ఆడపిల్లను పంపినా ఇదే పాట!"



ఏసోబు తలతిప్పి కంచె వైపు చూశాడు. తల్లి చూస్తోంది. కొడుకు భుజం మీద వాడి కండువా, కొడుకు చేతులు వాడి చేతుల్లో. రాహేలు వెనక్కి తిరిగి పల్లె వైపు నడక మొదలుపెట్టింది.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి. మగపెళ్ళివారి గుంపులో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే అతనొక్కడే మడమలు చేర్చి, చెయ్యి నుదుటికి ఆనించి కర్రలా నిలబడ్డాడు. పెళ్ళికొడుకు మేనమామ యల్లమంద. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. చెన్నకేశవులు కూతుర్ని బండెక్కించడానికి లోపలికి వెళ్ళగానే అతను చెయ్యి దించి, నేరుగా ఏసోబు దగ్గరికి వచ్చాడు.

"ఏ పటాలం?" అని అడిగాడు.

ఏసోబు చెప్పాడు.

"నా పక్కనోళ్ళ మీద మట్టేస్తా విన్న పాట ఇది. పెళ్ళిలో ఇంటాననుకోలా." గొంతు తగ్గించాడు. "ఎవరికి ఊదావు?"

"మా నాయనకి."

"మరి ఇక్కడెందుకు?"

ఏసోబు క్లుప్తంగా చెప్పాడు. యల్లమంద కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"మా వాళ్ళు దీన్ని మంచి పాట అనుకుంటన్నారు. నేను నోరిప్పను. ఇప్పటం, ఇప్పకపోవటం నీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఈ పాట శాపం కాదు, సలాం. ఆ సంగతి ఇక్కడ నీకూ నాకే తెలుసు."

కూతుర్ని ఎక్కించిన బండి దగ్గర చెన్నకేశవులు చెయ్యి ఊపుతున్నాడు. "ఊదరా ఏసోబూ! నా పాట ఊదు!"

నా పాట అన్నాడు. నాయన ఆఖరి మేళం తీసుకున్నాడు, రోడ్డు తీసుకున్నాడు, ఇప్పుడు ఇది కూడానా?

ఏసోబు ట్రంపెట్టును కృపావరం చేతికిచ్చాడు. కండువా తీసి రోడ్డు మీద పడేశాడు.

"అది అప్పగింతల పాట కాదయ్యా!"

ఆ గొంతుకు వాకిలి సద్దుమణిగింది. నడిచిపోతున్న రాహేలు ఆగింది.

"అది శవాన్ని గోతిలో దించేటప్పుడు ఊదే పాట. మా నాయన యోహానుకి ఊదా. ఇదే చోట ఆయన పెట్టెకి నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. మేళాన్ని ఆపించి బురదలోకి తోలావు. బాగుండాడా అని అడిగావు గదా. ఇదే జవాబు."

"ఇంకా గట్టిగా చెప్పరా!" అని రాహేలు కంచె దగ్గర్నుంచి అరిచింది.

చెన్నకేశవులు మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడాన్ని ఏసోబు కళ్ళారా చూశాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దానికోసమే.

కానీ మొదట నోరు విప్పింది చెన్నకేశవులు కాదు. పెళ్ళికొడుకు తండ్రి వెంకట్రామయ్య.

"ఎద్దుల్ని ఇప్పండి."

"బావగారూ..." అన్నాడు చెన్నకేశవులు.

"శవానికి ఊదిన పాటతో బయలెల్లిన పిల్లని నా గడప తొక్కనియ్యను. ఇప్పండ్రా!"

బండివాడు కాడి దించాడు. మెడలు వదులైన ఎద్దులు పక్కకు జరిగి గడ్డి వెతుక్కున్నాయి. బండి ముందుకు వాలింది. లోపల పెళ్ళికూతురు తూలి చట్రం పట్టుకుంది. పసుపు ఆరని వేళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

ఫిలోమినా పరుగున వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. "చాలయ్యా. ఇంక చాలు. ఆ పిల్లను చూడు."

చెన్నకేశవులు వస్తున్నాడు. కొడతాడనుకొని కృపావరం ముందుకు జరిగాడు. అతను కొట్టలేదు. ఏసోబుకు మాత్రమే వినపడేటట్టు వంగి మాట్లాడాడు.

"ఉత్తదే అని చెప్పు. తమాషాకి అన్నానని చెప్పు. నీకేం కావాలంటే అదిస్తా. ఇల్లు కట్టుకుంటావా? చోటిస్తా. నా బిడ్డని దించేస్తన్నారురా."

ఆ తల తన ముందు అంత కిందికి వంగడం చూసి ఏసోబు గుండె పొంగింది. పొంగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు వల్ల కోపం రెట్టింపైంది.

"నాకేం వద్దయ్యా. ఆ పాట సంగతి నేను చెప్తా. అది శాపం కాదని, దణ్ణమని చెప్తా. హవల్దారు గారు గూడా అవునంటారు. బండి కదులుద్ది." వేలితో నేల చూపించాడు. "కానీ ముందు నువ్వు. ఇక్కడ నిలబడి, ఆ రోజు ఎవరిని ఆపావో, ఏం చేశావో, ఈ జనం మొత్తం ఇనేటట్టు చెప్పు. మా నాయన పేరు పెట్టి చెప్పు. మా అమ్మ ఇనాల."

"నీ ముందరా? పల్లెజనం ముందు నేను..."

"నీ ఇష్టం."

గోడల మీద జనం, అరుగు మీద వియ్యంకులు, కంచె పక్కన మరక చీరలో రాహేలు. చెన్నకేశవులు అందరినీ ఒకసారి చూశాడు. పెదవులు కదిలాయి. "అదీ..." అన్నాడు. ఆగాడు. "ఎప్పటి సంగతో అదీ... నేనేదో..." మళ్ళీ ఆగాడు.

వాలిన బండిలోంచి చప్పుడైంది. సుబ్బరత్నం తెర తప్పించుకొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కిందికి దిగింది. నుదుటిమీది బాసికం పక్కకు ఒరిగింది. ఆమె అత్తవారి వైపు చూడలేదు, ఏసోబు వైపు చూడలేదు. తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది.

"చెప్పు నాయనా," అంది.